సంచులక్క రెండో లోను

ఆ వీధిలో ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. బడి సంచులు, ప్రయాణాల సంచులు, టిఫిన్ డబ్బా సంచులు, ఏవి కావాలన్నా ఆమే కుడుతుంది కాబట్టి చిన్నా పెద్దా అందరికీ ఆమె సంచులక్కే. ఆమెకంటే పదేళ్లు పెద్దదైన కిరాణాకొట్టామె కూడా అలాగే పిలిచేది. చివరికి ఒకరోజు ఇంట్లో అత్తగారు కూడా నోరు జారి, "సంచులక్కా, ఆ కత్తెర ఇటివ్వు" అంది. అని తానే నాలిక్కరుచుకుని, "ఇంక ఈ కొంపలో వరసలేం మిగిలాయి!" అంటూ నవ్వింది.

అంతకుముందు ఆమె కాలితో తొక్కే మిషను మీద బట్టలు కుట్టేది. ఒకసారి పక్కింటి పిల్ల బడి సంచి జిప్పు పాడైతే మార్చమని తెచ్చారు. జిప్పు మార్చాలంటే సంచి సగం విప్పాల్సి వచ్చింది. విప్పిన ముక్కలు నేల మీద పరిచి చూస్తే, ఏ ముక్క తర్వాత ఏ ముక్క కుట్టారో ఆమెకు తెలిసిపోయింది. జాకెట్టు కంటే ఇదే సులువనిపించింది. పాత కాన్వాసు గుడ్డతో కూతురికి ఒక సంచి కుట్టింది. అది చూసి బడిలో మరో నలుగురు అడిగారు. అలా మొదలైంది.

అప్పటికి ఆమె భర్త ఊళ్లో లేడు. అతను లారీ డ్రైవరు. ఎక్కడో దూరాన పెద్ద రోడ్డు పని జరుగుతోందనీ, టిప్పరు నడిపితే జీతం బాగా ఇస్తారనీ ఎవరో చెబితే వెళ్లాడు. కొంతకాలం డబ్బు ఠంచనుగా వచ్చింది. తర్వాత నెల విడిచి నెల వచ్చింది. ఆ తర్వాత డబ్బు మానేసి మాటలు మాత్రం వచ్చాయి. చివరికి ఫోనే మోగడం మానేసింది.

వీధిలో ఎవరైనా అడిగితే, "పంపిస్తున్నాడు, కాస్త ఆలస్యమవుతోందంతే" అనేది. అత్తగారిని అడిగితే ఆవిడా అదే మాట అనేది. ఇద్దరూ కూర్చుని ఎప్పుడూ అనుకున్నది లేదు. అయినా రెండేళ్లపాటు అత్తాకోడళ్లు అదే అబద్ధాన్ని వంతులవారీగా మోశారు.

సంచులకు గిరాకీ పెరిగేకొద్దీ పాత మిషను మొరాయించసాగింది. పట్టీలు సంచికి అతికేచోట రెక్సిన్ నాలుగు మడతలవుతుంది. అక్కడికి రాగానే సూది పుటుక్కున విరిగేది. చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టూ బలవంతాన దింపేది. బజార్లో టోకు వ్యాపారి ఆమె సంచిని అటూ ఇటూ తిప్పి చూసి, "బళ్లు తెరిచేలోగా ఎన్ని తెచ్చినా తీసుకుంటానమ్మా. కానీ పట్టీ ఊడితే ఆ తల్లులు నా కొట్టుకొచ్చి నా చొక్కా పట్టుకుంటారు. ఈ కుట్టు ఆగదు" అన్నాడు. కుట్టు ఆగాలంటే మోటారుతో నడిచే పెద్ద మిషను కావాలి.

బ్యాంకుకు వెళ్తే భర్త సంతకం తెమ్మన్నారు. ఆ మనిషి ఎక్కడున్నాడో బ్యాంకువాళ్లకేమైనా తెలిస్తే తనకూ చెప్పి పుణ్యం కట్టుకుంటారేమో అనుకుంటూ ఇంటికొచ్చింది.

ఆ సమయంలోనే స్కూటరు మీద ఒక అమ్మాయి ఆ వీధికి రావడం మొదలుపెట్టింది. చిన్న వ్యాపారాలకు అప్పులిప్పించే ఒక సంస్థలో ఆమె ఉద్యోగి. ఎవరింటికి వెళ్లినా ముందు ఫోను తీసి ఫోటో అంటుంది కాబట్టి అందరూ ఫోటోలమ్మాయి అన్నారు. సంచులక్క ఇంటికీ వచ్చింది. వసారాలో మిషను, గోడకు ఆనించిన రెక్సిన్ చుట్టలు, డబ్బాల్లో బకిళ్లు, మూల కూర్చుని దారాలు కత్తిరిస్తున్న అత్తగారు, అన్నీ చూసి స్టూలు మీద కూర్చుంది.

"మీ ఫోటో, మీరేం పని చేస్తారో, డబ్బు ఎందుకు కావాలో అన్నీ ఇంటర్నెట్లో పెడతామక్కా. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో చూసి తలా కొంచెం వేస్తారు. అదంతా కలిపితే మీ లోను. మీరు నెలనెలా కడుతుంటే వాళ్లది వాళ్లకి వెనక్కి వెళ్తుంది. వాళ్లు వడ్డీ తీసుకోరు. ఖర్చులకని మా సంస్థ మాత్రం కొంచెం తీసుకుంటుంది."

"ముక్కూ మొహం తెలీనివాళ్లు మనకెందుకిస్తారమ్మా?" అంది అత్తగారు.

"ముక్కూ మొహం తెలియాలనే కదా పెద్దమ్మా ఫోటో!"

అత్తగారికి ఆ జవాబు నచ్చింది. కోడలు లోపలికెళ్లి మొహం కడుక్కుని మంచి బట్టలు కట్టుకుని వచ్చింది. ఫోటోలమ్మాయి కాస్త నసిగింది. "పనిలో ఉన్నప్పుడు ఎలా ఉంటారో అలా ఉంటే బాగుంటుందక్కా."

"ఫోటోకి మాసిన బట్టలేంటి?" అత్తగారు అందుకుంది. "అప్పు అడుగుతున్నాం గానీ అడుక్కోవడం లేదు."

చివరికి మంచి బట్టల్లోనే, మిషను ముందు కూర్చుని, ఒళ్లో సగం కుట్టిన సంచితో ఫోటో దిగింది. తర్వాత ఆ అమ్మాయి ఫోనులో టైపు చేసుకుంటూ ప్రశ్నలు అడగసాగింది. పిల్లలెందరు, అద్దె ఇల్లా సొంతిల్లా, రోజుకెన్ని సంచులు కుడతారు.

"మీవారు ఏం చేస్తారక్కా?"

వీధికి చెప్పే మాట నాలుక చివరి దాకా వచ్చింది. అలవాటైన మాటే, ఎక్కడా తడబడక్కర్లేదు. కానీ సంచులక్క ఆ మాట చెప్పలేదు. "రెండేళ్ల నుంచి లేడమ్మా. వెళ్లాడు, మళ్లీ రాలేదు. ఫోనూ లేదు, పైసా లేదు" అంది. ఎందుకలా అన్నదో ఆమెకే తెలియలేదు. ఎదుట ఉన్నది పరాయి పిల్ల, చదవబోయేది మరీ పరాయివాళ్లు, అందుకే చెప్పగలిగిందేమో. చెప్పాక మాత్రం బరువైన మూట కింద దించినట్టయింది. మూల అత్తగారి చేతిలో కత్తెర ఆగిపోయింది.

"దాన్ని ఇంగ్లీషులో ఎలా రాస్తావమ్మాయ్?" కాసేపటికి అడిగింది అత్తగారు.

"భర్త వదిలేసి వెళ్లాడు అని రాస్తాను పెద్దమ్మా."

కోడలు అత్తగారి వైపు చూడలేదు. ఆవిడ మళ్లీ దారాలు కత్తిరించడం మొదలుపెట్టింది. "రాయి. నా కడుపున పుట్టినవాడైతే మాత్రం నిజం మారుతుందా? ఇంగ్లీషులో అయితే ఇక్కడెవరూ చదవరు కూడాను."

ఆ లోను ఇట్టే నిండింది. వారం తిరక్కుండానే ఫోటోలమ్మాయి స్కూటరు హారను మోగించుకుంటూ వచ్చి, "అయిపోయిందక్కా! మీ పేజీ పెట్టామో లేదో ఎగబడ్డారు" అని చెప్పింది. ఇచ్చినవాళ్ల ఊళ్ల పేర్లు చదివి వినిపిస్తే అత్తాకోడళ్లిద్దరూ నోరు తెరుచుకుని విన్నారు. అందులో ఒక్కటీ వాళ్ల నోట పలకలేదు.

మిషను వచ్చింది. మొదటి సంచి కుట్టి, దాని నిండా ఇటుకలు పేర్చి, తలుపు పైన కొక్కేనికి తగిలించి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వదిలేశారు. పట్టీ చెక్కుచెదరలేదు కానీ కొక్కెం ఊడి కిందపడింది. ఆ మాట చెబితే టోకు వ్యాపారి గట్టిగా నవ్వి మొదటి ఆర్డరు ఇచ్చాడు. బళ్లు తెరిచే నాటికి అత్తాకోడళ్లకు తిండికీ నిద్రకీ తీరిక లేకుండా పోయింది. వాయిదాలు ఒక్కటీ తప్పలేదు.

ఒక మధ్యాహ్నం సంచులక్క తల వంచుకుని జిప్పు కుడుతుంటే గుడ్డ మీద నీడ పడింది. "ఏం కావాలి, కొత్తదా, రిపేరా?" అని తలెత్తకుండానే అడిగింది. జవాబు రాలేదు. తలెత్తితే ముందు ఆమెకు కనబడింది ఒక పాత ప్రయాణపు సంచి. జిప్పు పూర్తిగా పోయి, తాడుతో కట్టి ఉంది. తర్వాత దాన్ని మోస్తున్న మనిషి కనబడ్డాడు. చిక్కిపోయాడు. గడ్డంలో తెల్లవెంట్రుకలు వచ్చాయి.

అలికిడికి అత్తగారు బయటికొచ్చింది. కొడుకును ఎగాదిగా చూసింది. తిట్టలేదు, ఏడవలేదు. "తిన్నావా?" అంది. అతను తల అడ్డంగా ఊపాడు. "లోపలికి రా."

జరిగినదేమిటో అతను ముక్కలు ముక్కలుగా చెప్పాడు. కాంట్రాక్టరు జీతాలు ఎగ్గొట్టాడు. టిప్పరు ఒక గోడను గుద్దితే ఆ నష్టం తన మీద వేశారు. ఫోను అమ్ముకున్నాడు. "ఏ మొహం పెట్టుకుని వస్తాను? రాలేకపోయాను" అన్నాడు. సంచులక్క విన్నది. రెండో ప్రశ్న అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనన్న భయం కొంత, టోకు వ్యాపారికి సరుకు ఇవ్వాల్సిన గడువు కొంత. వీధిలో, "సెలవు దొరికిందా?" అని అడిగినవాళ్లకు, "దొరికింది" అని చెప్పింది. కూతురు మాత్రం చాలా రోజులు తండ్రిని చుట్టాన్ని చూసినట్టు చూసింది.

అతను ఊరికే కూర్చోలేదు. ఒక ట్రాలీ ఆటో అద్దెకు తీసుకుని సంచుల కట్టలు కొట్లకు చేరవేశాడు. తిరిగొచ్చేటప్పుడు రెక్సిన్, ఫోము తెచ్చేవాడు. పనిలో వంక పెట్టడానికేమీ లేదు. అలా ఏడాది పైనే గడిచింది. మొదటి లోను పూర్తిగా తీరిపోయింది.

ఒకరోజు ఆటో రిపేరుకని గ్యారేజీకి వెళ్తే, అక్కడి మెకానిక్ తన ఫోను చూపించాడు. తనూ అలాంటి లోను కోసమే ఆ సంస్థ పేజీలు తిరగేస్తుంటే తెలిసిన మొహం కనబడిందట. "మీ ఆవిడేగా ఇది? ఎంత బాగా పడిందో! కానీ ఇదేంటన్నా, ఇందులో నువ్వు లేవు!" అన్నాడు. ఫోనే తర్జుమా చేసి పెట్టిన నాలుగు ముక్కలనూ, టీ తాగుతున్న పదిమంది ముందు పైకి చదివాడు. భర్త వదిలేసి వెళ్లాడు. అత్తనూ కూతుర్నీ ఒంటి చేత్తో పోషిస్తోంది.

ఇంటికొచ్చేసరికి అతని మొహం కందగడ్డలా ఉంది.

"ఊరు ఊరంతా, దేశదేశాలన్నీ చదివేలా నా పరువు తీసి రాయిస్తావా? నేను వదిలేశానా నిన్ను?"

మిషను ఆగింది. "అప్పుడు ఆ అమ్మాయి అడిగింది. ఉన్నదే చెప్పాను."

"చచ్చిపోయాడని చెప్పాల్సింది. ఇంకాస్త ఎక్కువిచ్చేవాళ్లు!"

"అదీ చెప్దామనే చూశాంరా" అంది అత్తగారు దారాల మీంచి తలెత్తకుండా. "ఉన్నావో పోయావో ఖాయంగా తెలీక ఆగాం."

అతను విసురుగా వెళ్లిపోయాడు. సంచులక్కకు తర్వాత తెలిసింది, నేరుగా సంస్థ ఆఫీసుకే వెళ్లాడని. ఫోటోలమ్మాయి కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆ లోను తీరిపోయింది కాబట్టి పాత పేజీ మార్చడం తమ చేతుల్లో లేదని నెమ్మదిగానే చెప్పిందట. అక్క చెప్పిందే రాశామందట. అది అబద్ధమని ఇతను గట్టిగా అంటే, "అయితే అప్పుడు మీరు ఎక్కడున్నారన్నా?" అని అడిగిందట. దెప్పడానికి అడగలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. అతను లేచి వచ్చేశాడట.

ఆ తర్వాత ఇంట్లో మాటలు బాగా తగ్గిపోయాయి. కట్టలెన్ని, ఏ కొట్టుకి, ఏ రంగు, అంతే. సంచులక్కకు పని మీద పని వచ్చి పడుతోంది. కత్తెర పట్టి పట్టి బొటనవేలి మొదట్లో కాయ కాచి, పొద్దున్నే వేలు వంగేది కాదు. ముప్ఫై పొరల గుడ్డను ఒకేసారి కోసే కరెంటు కట్టరు ఒకటి బజార్లో చూసింది. అది కొంటే, కుట్టడానికి ఇంకో ఇద్దరు ఆడవాళ్లను పెట్టుకోవచ్చు. రెండో లోనుకు అడిగింది.

ఫోటోలమ్మాయి వస్తానన్న రోజు పొద్దున భర్త గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఎవరూ పిలవకుండానే వచ్చి మిషను పక్కన నిలబడ్డాడు. అత్తగారు చూసి మూతి ముడిచింది.

ఫోటో అయింది. ఫోనులో టైపు చేస్తూ ఆ అమ్మాయి అడిగింది. "ఇంట్లో ఎవరెవరక్కా?"

"మా అత్తయ్య, నా కూతురు, నా భర్త. అత్తయ్య దారాలు చూస్తుంది. ఆయన సరుకు చేరవేస్తాడు. మధ్యలో రెండేళ్లు లేడు. ఇప్పుడున్నాడు."

"ఆ మధ్యది ఎందుకు?" అన్నాడు అతను వెంటనే.

"పాత పేజీ అట్లాగే ఉంది కదా. అది చూసినవాళ్లు ఇది చూస్తే ఏమనుకుంటారు? అప్పుడు అబద్ధమాడిందనుకోరా? నా మాట మీదేగా వాళ్లు ఇచ్చేది."

అతను ఫోటోలమ్మాయి వంక, తల్లి వంక చూశాడు. మూలనున్న కట్టలు భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు. ఆటో శబ్దం సందు చివరి దాకా వినబడింది.

"ఆ లైను తీసేయమంటారా అక్కా?"

"ఉండనీ. రేపు చెప్తాను, అప్పుడు పెట్టు."

ఆ మధ్యాహ్నమంతా సంచులక్క కుడుతూనే ఉంది. గుమ్మం వైపు చూడకూడదని అనుకుని, సూది వైపే చూసింది. రోజూ వచ్చే వేళ దాటింది. రెండు సంచులకు జిప్పులు తలకిందులుగా కుట్టి మళ్లీ విప్పింది. అత్తగారు ఒకసారి సందు చివరి దాకా వెళ్లి, ఉప్పు కోసం వెళ్లానని చెప్పి వట్టి చేతులతో తిరిగొచ్చింది. మొదటిసారి అతను వెళ్లినప్పుడు ఇలాంటి ఎదురుచూపు లేదు. అప్పుడు వస్తాడనే అనుకుంది కాబట్టి.

దీపాలు పెట్టే వేళకు ఆటో వచ్చింది. టైరు పంచరైందట. చేతులకు మడ్డి అంటి ఉంది. చొక్కా ఇస్త్రీ నలిగిపోయింది. చేతులు కడుక్కుని వచ్చి, ఫోటోలమ్మాయి కూర్చున్న స్టూలు మీద కూర్చున్నాడు.

"సరే, రాయించు" అన్నాడు. "కానీ 'లేడు' అని ఊరికే అంటే చదివేవాళ్లు ఏదైనా అనుకుంటారు. 'రాలేకపోయాడు' అని రాయించు."

సంచులక్క మిషను స్విచ్ ఆపింది. అతను తిరిగొచ్చిన నాడు అడగని ప్రశ్న ఇప్పుడు తప్పేటట్టు లేదు.

"రాలేకపోయావా, రాలేదా? నాకు తెలీదు. తెలిసినవాడివి నువ్వు. ఏది చెబితే అది రాయిస్తాను."

అతను చాలాసేపు చేతులకేసి చూసుకున్నాడు. గోళ్ల సందుల్లో మడ్డి ఇంకా ఉంది.

"బస్సుకి డబ్బులుండేవి" అన్నాడు చివరికి. "మొదట్లో లేవు. తర్వాత ఉండేవి. రెండుసార్లు బస్టాండు దాకా వచ్చాను కూడా. ఇక్కడ అందరూ అడుగుతారు, ఏం తెచ్చావని. అక్కడైతే అడిగేవాడు లేడు. హాయిగా ఉండేది. అదీ నిజమే." తలెత్తి ఆమెను చూశాడు. "రాలేదు."

లోపలి గదిలో గిన్నె చప్పుడు ఆగిపోయింది. అత్తగారు వింటోంది. సంచులక్కకు కోపం వచ్చింది. రావాల్సిన నాడు రాని కోపం అది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. కానీ ఇన్నాళ్లూ కాలి కింద ఉందో లేదో తెలియని మెట్టు ఇప్పుడు తగిలినట్టుగానూ ఉంది.

"ఫోనైనా చేయాల్సింది" అంది.

"చేయాల్సింది."

"పిల్ల రెండేళ్లు నీ పాత నంబరు పెన్సిలుతో కాగితాల మీద రాసుకునేది."

ఆ రోజుకి అంతకంటే మాట్లాడుకోలేకపోయారు. మర్నాడు ఆమె ఫోటోలమ్మాయికి ఫోను చేసి చెప్పింది. "రెండేళ్లు రాలేదు, తర్వాత వచ్చాడు, ఇప్పుడు కలిసి పని చేస్తున్నాం. అట్లా పెట్టమ్మా."

ఈసారి పేజీ నత్తనడకన నిండింది. పది రోజులైనా సగం కూడా రాలేదు. ఫోటోలమ్మాయి ఒకసారి వచ్చి ఇబ్బందిగా చెప్పింది. "మామూలేనక్కా. కష్టాల్లో ఉన్నవాళ్లకైతే తొందరగా ఇస్తారు. మీ ఫోటోలో అందరూ బాగానే ఉన్నారు కదా, తర్వాత చూద్దాంలే అనుకుంటారు."

అత్తగారు ఆలోచనలో పడ్డట్టు మొహం పెట్టింది. "అయితే వీణ్ణి మళ్లీ పంపించేద్దామా?"

అందరికంటే ముందు నవ్వింది అతనే. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో అతను పైకి నవ్వడం అదే. కూతురు పుస్తకంలోంచి తలెత్తి, నవ్వొచ్చా కూడదా అన్నట్టు తల్లి వైపు చూసి, తనూ నవ్వింది.

పేజీకి పెట్టిన గడువు ఇంకా రెండు రోజులుందనగా లోను నిండింది. కట్టరును అతనూ మెకానిక్కూ ఆటోలోంచి దించారు. ఎక్కడ పెట్టాలన్న దాని మీద పెద్ద గొడవైంది. కిటికీ కింద వెలుతురు బాగుంటుందని కోడలంది. అక్కడ పెడితే తన చాప ఎక్కడ వేసుకోవాలని అత్తగారంది. అక్కడ ప్లగ్గు లేదని అతనన్నాడు. చివరికి ప్లగ్గే గెలిచింది. బల్ల గోడవారకు జరిపారు. నీలం కాన్వాసును పొరలు పొరలుగా పరిచి, పై పొర మీద సుద్దముక్కతో గీత గీసి, సంచులక్క స్విచ్ వేసింది. అతను గుడ్డ జారకుండా అవతలి అంచు రెండు చేతులతో నొక్కిపట్టాడు.

"చేతులు కాస్త వెనక్కి" అంది ఆమె.

అతను వెనక్కి జరిపాడు. కత్తి గుడ్డలోకి దిగింది.